మిస్ పిల్చర్ ఉరుకు

"ఆపండి, ఆపండి, ఆపండి!"

క్లైవ్ రెండు డ్రమ్ము కర్రలూ ఒక చేతిలోకి తీసుకుని, ఇంకా గింగురుమంటున్న ఇత్తడి పళ్లేన్ని రెండో అరచేత్తో అదిమాడు. అది నోరు మూసుకున్నాక ఎలక్ట్రిక్ ఆర్గన్ వైపు తిరిగాడు.

"మిస్, మీకేమైనా రైలు అందుకోవాల్సి ఉందా?"

మిస్ పిల్చర్ ఆర్గన్ మెట్ల మీంచి చేతులు తీసి ఒళ్లో పెట్టుకుంది. "మళ్లీ ఉరికానా?"

"ఉరకడమా! నేనింకా ఐదో దెబ్బ దగ్గరే ఉన్నాను. మీరు ఏడూ దాటేసి, వీధి చివర నుంచుని మాకు చెయ్యి ఊపుతున్నారు."

బేస్ గిటార్ వాయించే రోలో ఫక్కున నవ్వాడు. గిటార్ పట్టుకున్న ఏడ్రియన్ మాత్రం నవ్వలేదు. "మొదట్నించీ చేద్దాం. క్లైవ్, ఒరేయ్, కాస్త మర్యాదగా చెప్పరా," అన్నాడు.

"మర్యాదగానే కదరా చెప్పాను! మిస్ అన్నానుగా!"

మిస్ పిల్చర్ కూడా నవ్వేసింది. ఆమెకు కోపం రాదు, అందులో బుధవారం నాడు అసలు రాదు. వేన్‌బరీ ఊళ్లో ఇరవై రెండేళ్లుగా సెయింట్ ఎడిత్ చర్చిలో ఆర్గన్ వాయిస్తున్న మనిషి ఆమె. నలభై ఏడేళ్లొచ్చాయి. ఊళ్లో పియానో ముట్టుకున్న ప్రతివాడూ చిన్నప్పుడు ఆమె చేతి మొట్టికాయలు తిన్నవాడే, ఏడ్రియన్‌తో సహా. ఆ ఏడ్రియన్ గడ్డం పెంచి, జుట్టు భుజాల దాకా పెంచి, ముగ్గుర్ని పోగేసి ఒక బృందం పెట్టాడు. దాని పేరు 'మిసెస్ గాడ్విన్స్ బారోమీటర్'. ఆ మిసెస్ గాడ్విన్ ఎవరో వాళ్లకే తెలీదు, 1970లో అలాంటి పేర్లే పెట్టుకునేవాళ్లు. ఫిబ్రవరిలో వాళ్ల ఆర్గన్ కుర్రాడు బ్యాంకులో చేరి జుట్టు కత్తిరించుకోవడంతో, మనిషి దొరికేదాకా ఒక్క నెల వచ్చి కూర్చోమని మిస్‌ని బతిమాలారు. ఆ ఒక్క నెల ఇప్పటికి ఎనిమిది నెలలైంది.

ఈ ఎనిమిది నెలలూ ఆమె ఎంత సంతోషంగా ఉందో చెప్పమంటే చెప్పలేదు గాని, బుధవారం పొద్దున లేస్తూనే సోపు గింజల కేకు చేసేది. మధ్యాహ్నం రెండింటికి చర్చి హాల్లో బల్లలు గోడవారకు జరిపి, డ్రమ్ములు దించి, వైర్లు తగిలించి మొదలుపెడితే ఐదింటిదాకా ఆమెకు వేరే లోకం గుర్తుండేది కాదు.

వాళ్లు కడుతున్నది పందొమ్మిది నిమిషాల పాట. రికార్డుకి ఒక వైపు మొత్తం అదే. మొదట ఏడ్రియన్ గిటార్, చివర అందరూ కలిసి గోల. నడుమ నాలుగు నిమిషాలు మాత్రం మిస్ పిల్చర్ రాసిన ఫ్యూగ్. అంటే ఒక గొంతు వరస ఎత్తుకుంటుంది, రెండోది దాని వెనకే అదే వరస అందుకుంటుంది, మూడోది ఆ రెంటినీ తరుముకుంటూ వస్తుంది. రెండువందల ఏళ్ల నాటి పద్ధతి అది. దాని కింద క్లైవ్ ఏడు దెబ్బల లెక్కలో జాజ్ వాయిస్తాడు. వాళ్ల నాన్న సముద్రపు ఒడ్డు ఊళ్లలో డాన్సు హాళ్లన్నీ ఊపేసిన డ్రమ్ములవాడు. కొడుక్కి నోరు మంచిది కాదు గాని చెయ్యి బంగారం. ఆ ఫ్యూగ్ మిస్ పిల్చర్ తన వంటింట్లో, పొయ్యి మీద నారింజ మార్మలేడ్ ఉడుకుతుండగా రాసింది. మార్మలేడ్ మాడింది. ఆ మాడువి ఇంకా రెండు సీసాలున్నాయి, ఎవరికీ ఇవ్వబుద్ధి కాక దాచుకుంది.

అంతా బాగుంది, ఒక్క ఈ ఉరుకు తప్ప. ఇంట్లో పియానో దగ్గర కూర్చుంటే గడియారంలా వాయిస్తుంది. ఈ ఆర్గన్ మెట్ల మీద చెయ్యి పడితే చాలు, క్లైవ్ దెబ్బకన్నా వెంట్రుకవాసి ముందుంటుంది. ఎంత నిగ్రహించుకున్నా అంతే. ఇది జాజ్ ఒంటబట్టకపోవడం వల్ల వచ్చిన జబ్బని ఆమె ఎప్పుడో తేల్చేసుకుంది.

ఆ రోజు రికార్డు కంపెనీ మనిషి హార్‌గ్రీవ్ వచ్చాడు. స్వెడ్ తోలు కోటు, మెత్తని మాట. వెనక కుర్చీలో కాలు మీద కాలేసుకుని మొత్తం పందొమ్మిది నిమిషాలూ విన్నాడు.

"ఆ నడిమి భాగం ఉందే, అద్భుతం," అన్నాడు లేచొచ్చి. "ఎవరు రాశారు?"

"మిస్ రాశారు," అన్నాడు ఏడ్రియన్.

"ఓహో." హార్‌గ్రీవ్ చూపు మిస్ పిల్చర్ చేత్తో అల్లుకున్న స్వెట్టర్ మీంచి కేకు డబ్బా మీదకు, అక్కణ్ణుంచి ఆమె లావుపాటి మేజోళ్ల మీదకు వెళ్లింది. "చాలా బాగుందండీ," అని, ఏడ్రియన్ భుజం మీద చెయ్యేసి బయటికి నడిపించుకుపోయాడు.

పది నిమిషాల తర్వాత ఏడ్రియన్ ఒక్కడే లోపలికొచ్చాడు. మిస్ పిల్చర్ తొట్టి దగ్గర కప్పులు కడుగుతోంది. అతను తువ్వాలు తీసుకుని ఒక కప్పు తుడిచాడు, మళ్లీ అదే తుడిచాడు, మూడోసారీ అదే తుడిచాడు.

"ఆ కప్పుకి పువ్వులు చెరిగిపోతాయి, నాయనా. ఏమిటో చెప్పు."

"రికార్డుకి... డెనిస్ కల్వర్ అని లండన్ నుంచి ఒకాయన్ని పంపుతామంటున్నారు మిస్. ఆర్గన్‌కి."

మిస్ పిల్చర్ చేతులు సబ్బునీళ్లలోనే ఆగాయి.

"ఆ ఉరుకు హార్‌గ్రీవ్ కూడా విన్నాడు," అన్నాడు ఏడ్రియన్. "ఇంకా, రికార్డు అట్ట మీద ఫొటో ఉంటుంది కదా... నలుగురూ ఒక ఈడు వాళ్లయితే..."

"ఆ ఫ్యూగ్ కూడా ఆ లండన్ ఆయనేనా?"

అతను నేల చూపులు చూశాడు. "అది కూడా."

ఆమె ఇంకో కప్పు తీసి లోపలా బయటా కడిగింది. గిటారు పాటలూ చివరి గోలా ఎవరు వాయించుకున్నా ఆమెకు చింత లేదు. ఫొటో అయితే అసలే అక్కర్లేదు. కాని ఆ నాలుగు నిమిషాలు తన చేతులతో వాయించాలని ఉంది. అంతే. అంత గట్టిగా ఏదైనా కోరుకుని ఎన్నేళ్లయిందో కూడా ఆమెకు గుర్తులేదు.

"శుక్రవారం రికార్డింగ్ చర్చిలోనే చేస్తారు కదా, పెద్ద ఆర్గన్ మీద?" అంది. ఆ అనుమతి కోసం పోయిన వారం పాస్టరుగారి చుట్టూ తిరిగింది ఆమే మరి.

"అవును మిస్. అడగడానికే సిగ్గుగా ఉంది... స్వరం మార్చే పిడుల్లో ఏది ఎప్పుడు లాగాలో ఆయనకి కాస్త చూపించగలరా? కొత్త ఆర్గన్ కదా ఆయనకి."

తన పీట మీద ఇంకొకర్ని కూర్చోబెట్టి, దగ్గరుండి వడ్డించమన్నట్టుంది. ఆమె చేతులు తుడుచుకుంది.

"సరే నాయనా," అంది.

గురువారం చర్చంతా గుమ్మడికాయల వాసన. ఆదివారం పంటల పండగ. కిటికీ అరుగుల నిండా ఆపిల్సు, ఉల్లి జడలు, బీరులో వాడే హాప్ తీగలు పేర్చి ఉన్నాయి. పీఠం ముందు ధాన్యపు పన ఆకారంలో కాల్చిన రొట్టె. చర్చి బాగోగులు చూసే ముసలి టాప్‌సెల్, తన తోటలో కాసిన సొరకాయ లాంటి బారెడు పొడుగు మారో కాయను చంటిపిల్లాణ్ణి ఎత్తుకున్నట్టు ఎత్తుకొచ్చి, అందరికీ కనబడేలా ముందు వరసలో పెట్టాడు. దాన్ని ఓ పక్కకి తిప్పాడు, ఇంకో పక్కకి తిప్పాడు, రెండడుగులు వెనక్కి వేసి చూసుకున్నాడు.

మిస్ పిల్చర్ ఆర్గన్ పీట మీద కూర్చుని, తెల్ల కాగితాల మీద డెనిస్ కల్వర్ కోసం రాస్తోంది. మొదటి గొంతు వచ్చినప్పుడు ఈ పిడి. రెండోది వచ్చినప్పుడు ఆ రెండు. మూడోది కాళ్లతో వాయించాలి, అప్పుడు కింది వరసలో చివరిది, అది బిగుతుగా ఉంటుంది, చెయ్యి తడి చేసుకుని లాగాలి. ఎర్ర పెన్సిలుతో గీతలు గీసింది, మెట్లన్నీ గుడ్డతో తుడిచింది. తన ముక్క ఎవరి చేతుల్లో పడినా నలగకూడదు.

"విన్నాను," అన్నాడు టాప్‌సెల్ దగ్గరికొచ్చి.

"ఏం విన్నారు టాప్‌సెల్ గారూ?"

"ఊళ్లో నాకు వినబడనిదేముంది? లండన్ దొర వస్తున్నాడటగా మీ పీట మీదకి. రేపు పొద్దున తాళంచెవి కనబడ్డం లేదని చెప్పేస్తాను. నాకు డెబ్బై రెండు, నేను ఏది పోగొట్టినా ఎవడూ అడగడు."

"తప్పండీ."

"తప్పేముందమ్మా! పోనీ గొట్టాలున్న నేల కింద ఎలుకలు దూరాయని చెబుతాను. అది అబద్ధం కూడా కాదు, ప్రతి చలికాలం దూరుతూనే ఉన్నాయి."

ఆమె నవ్వింది. ఆ ఆర్గన్ సంగతి అలాంటిది. వాయించే మెట్లు ఇక్కడ, గాయక బృందం పక్కన. పలికే గొట్టాలు చర్చికి ఆ చివర, పడమటి అటక మీద. నడుమ నేల కింద వేలంత లావు సీసపు గొట్టాలు పరిచి ఉంటాయి. ఇక్కడ మెట్టు నొక్కితే ఆ గొట్టాల్లోంచి గాలి పోయి, అక్కడ తలుపు తెరిచి, అప్పుడు పలుకుతుంది. 'ఈవిడ నొక్కాక అది పలికే లోపు నేను ముక్కు చీదుకోవచ్చు' అని టాప్‌సెల్ ఇరవై రెండేళ్లుగా ఒకే హాస్యం ఆడుతున్నాడు. విని విని ఊరందరికీ అది గాలీ నీరూ లాంటిదైపోయింది. మిస్ పిల్చర్‌కి మరీను. పిడులూ వాటి పేచీలూ, బిగుతులూ వదులూ అన్నీ ఆ కాగితాల మీద రాసిన మనిషి, ఈ ఒక్క ముక్కా రాయలేదు. దాచాలని కాదు. ఆమెకు తట్టనే లేదు.

"ఏడుస్తున్నారా?" అన్నాడు టాప్‌సెల్.

"లేదు. ఉల్లిపాయలు."

"ఉల్లిజడలు ఆ పక్కనున్నాయి," అన్నాడు ముసలాయన. అని, జేబులోంచి ఒక ఆపిల్ తీసి పీట మీద ఆమె పక్కన పెట్టి, తన మారో కాయ దగ్గరికి వెళ్లిపోయాడు.

శుక్రవారం పొద్దున తొమ్మిదింటికే వ్యాను వచ్చింది. పాస్టరుగారు దుస్తులు మార్చుకునే గదిలో టేపు యంత్రం పెట్టారు. దాన్ని నడిపే మోరిస్, చెవులకు హెడ్‌ఫోన్ తొడుగులు పెట్టుకుని అందులోనే బైఠాయించాడు. వైర్లు పీఠం ముందునుంచి పాకాయి. క్లైవ్ డ్రమ్ములు టాప్‌సెల్ మారో కాయ పక్కనే దిగాయి. అతను కోటు తీసి దాని మీద వెయ్యబోతే ముసలాయన "ఏయ్!" అని అరిచిన అరుపుకి అటక మీద పావురాలు లేచాయి. సాయంత్రం నాలుగింటికి పూల ఆడవాళ్లొస్తారు, ఈలోగా అంతా ముగించి వెళ్లిపోవాలని పాస్టరుగారి షరతు.

డెనిస్ కల్వర్ చెడ్డవాడై ఉంటే మిస్ పిల్చర్‌కి కాస్త తేలిగ్గా ఉండేది. బట్టతల, బెరుకు నవ్వు. ఆమె రాసిన కాగితాలు చివరిదాకా చదివి, "ఇంత శ్రద్ధగా నాకెవరూ ఎప్పుడూ రాసివ్వలేదు మేడమ్," అన్నాడు. కూర్చుని, ఒక్కడే, ఒకసారి వాయించి చూసుకున్నాడు.

చక్కగా వాయించాడు. ఆమె కన్నా చక్కగా అని కూడా ఆమెకు అనిపించింది. స్తంభం పక్కన నుంచుని, చేతిసంచి రెండు చేతులా పట్టుకుని, తన ఫ్యూగ్‌ని మొదటిసారి బయటి మనిషిలా వింది. మనసులో ములుకు గుచ్చుకుంటూనే ఉంది, అయినా ముక్క బాగుందని సంతోషం వేసింది.

"సరే, డ్రమ్ములతో," అన్నాడు హార్‌గ్రీవ్.

క్లైవ్ కర్రలు తట్టి ఏడు లెక్కపెట్టాడు. మొదలైంది. ఎనిమిది ఆవర్తాలు పోయాయో లేదో, పాట బరువెక్కింది. పదహారు పోయేసరికి కాళ్లీడ్చింది. క్లైవ్ ఆపాడు.

"మళ్లీ," అన్నాడు హార్‌గ్రీవ్.

మళ్లీ అంతే. మూడోసారి, నాలుగోసారి. డెనిస్ తాను వాయించింది వినబడేదాకా ఆగి, దాన్నిబట్టి తర్వాతది వాయిస్తున్నాడు. క్లైవ్ ఆర్గన్ కోసం ఆగి దెబ్బ వేస్తున్నాడు. 'మీరు ముందు' అంటే 'కాదు, మీరు ముందు' అనుకుంటూ గుమ్మం దగ్గరే నిలబడిపోయిన ఇద్దరు మర్యాదస్తుల్లా ఉంది వ్యవహారం. డెనిస్ చెవులకు తొడుగులు తగిలించి, అటక మీది మైకునే నేరుగా వినిపించారు. కాస్త మెరుగైంది గాని నడక రాలేదు.

"క్లైవ్, నువ్వు నెమ్మదిస్తున్నావు," అన్నాడు హార్‌గ్రీవ్.

"నేనా!" క్లైవ్ మొహం ఎర్రబడింది. "నేనేం నెమ్మదించడం లేదు. ఆయన నా కోటు వెనకాల పట్టుకుని వేలాడుతున్నాడు!"

"ఆడలేక మద్దెల ఓడు అనకూడదు గాని, ఈ ఆర్గన్‌కి ఏదో రోగం ఉందండీ," అన్నాడు డెనిస్ దీనంగా.

"రోగమా? దానికి యాభై ఏళ్లుగా తుమ్ము కూడా లేదు," అని టాప్‌సెల్ వెనకనుంచి గద్దించాడు.

ఎనిమిదోసారి పాడయ్యేసరికి మధ్యాహ్నం మూడు కావచ్చింది. ఏడ్రియన్ గోళ్లు కొరుకుతున్నాడు. హార్‌గ్రీవ్ గడియారం చూసుకున్నాడు. "నడిమి భాగం తీసేద్దాం. గిటారు నుంచి నేరుగా చివరికి వెళ్లిపోదాం. పదిహేను నిమిషాలు, చాలదూ?"

మిస్ పిల్చర్ స్తంభం వదిలి ఒక అడుగు ముందుకొచ్చింది. తను వాయించకపోతే పోనీ అనుకుంది, ఇప్పుడు అసలు ముక్కకే ఎసరొచ్చింది.

"ఒక్కసారి," అని డెనిస్ పీట మీంచి లేచాడు. "మేడమ్, మీరొకసారి వాయించండి. నేను డ్రమ్ముల పక్కన నుంచుని వింటాను. తేడా ఎక్కడుందో తెలుస్తుంది."

"ఉరుకుతారు," అన్నాడు క్లైవ్.

"ఉరకనీరా, ఇంతకన్నా చెడేదేముంది!" అన్నాడు ఏడ్రియన్.

మిస్ పిల్చర్ సంచి కింద పెట్టింది. అందులోంచి పల్చటి అడుగున్న నల్ల జోళ్లు తీసింది. కాళ్లతో వాయించాలంటే అవి ఉండాలి. ఈ పూట వాటితో పనిలేదని తెలిసీ పొద్దున ఎందుకు సంచిలో వేసుకుందో అడిగితే చెప్పలేకపోయేది. తొడుక్కుని, తాళ్లు ముడేసుకుని, పీట మీద కాస్త ఎడమకి జరిగింది. ఇరవై రెండేళ్లుగా అరిగిన చోటు అక్కడే ఉంది.

క్లైవ్ ఏడు లెక్కపెట్టాడు, ఎలాగూ చెడేదే కదా అన్న మొహంతో.

మొదటి గొంతు వచ్చింది. క్లైవ్ దెబ్బ పడ్డ చోటే పడింది. రెండో గొంతు వచ్చింది, అదీ అక్కడే. మూడోది కాళ్ల కింద నుంచి లేచి రెండు గొంతుల్నీ తరుముకుంటూ వచ్చేసరికి క్లైవ్ తల పైకెత్తాడు. ఎనిమిది నెలల్లో మొదటిసారి ఆర్గన్ అతని ఏడు దెబ్బల మీద కాలు మీద కాలేసుకుని కూర్చుంది. అతని మణికట్లు వదులయ్యాయి. పళ్లెం మీద చిన్న కొంటె దెబ్బ ఒకటి వేసి చూశాడు. ఫ్యూగ్ దాన్ని దాటుకుని హాయిగా నడిచిపోయింది. ఇక ఊరుకున్నాడా! వాళ్ల నాన్న దగ్గర నేర్చుకున్నదంతా బయటికి తీశాడు. నాలుగు నిమిషాలూ గుడి కప్పు కింద రెండువందల ఏళ్లూ, డాన్సు హాళ్లూ భుజం భుజం రాసుకుని తిరిగాయి. ఆఖరి స్వరం అటక మీంచి దిగి, ఉల్లిజడల మధ్య ఎక్కడో ఆగింది.

డెనిస్ ఇంకా ఆమె చేతులనే చూస్తున్నాడు.

"ఆమె వేళ్లు నీ కర్రకన్నా ముందే దిగుతున్నాయయ్యా," అన్నాడు మెల్లగా. "ప్రతిసారీ. నువ్వు చెయ్యి ఎత్తేటప్పటికే ఆమె నొక్కేస్తోంది. ఇంత గుడి దాటి ధ్వని వచ్చేసరికి నీ దెబ్బతో సరిపోతోంది."

"మరి, మెట్టు ఇక్కడ, గొట్టం అక్కడాను!" అన్నాడు టాప్‌సెల్. "ఈవిడ నొక్కాక అది పలికే లోపు నేను ముక్కు చీదుకోవచ్చు. ఈ సంగతి మీకెవరూ చెప్పలేదా?"

అందరూ మిస్ పిల్చర్ వైపు చూశారు.

"నాకు తెలీదే!" అంది ఆమె నిజంగా తెల్లబోయి. "నేను గాయకులతో కలిసి వాయిస్తున్నాననే అనుకుంటున్నాను ఇన్నేళ్లూ."

క్లైవ్ కర్రలు ఒళ్లో పెట్టుకున్నాడు. "ఎనిమిది నెలలు," అన్నాడు. "ఎనిమిది నెలల పాటు మిమ్మల్ని రైలు, రైలు అని ఏడిపించాను."

"నా రైలు ఇక్కడ ఆగుతుంది, నాయనా," అంది మిస్ పిల్చర్. ఆ మాటకి తనే ముందు నవ్వింది, తర్వాత క్లైవ్, తర్వాత గుడంతా.

గదిలోంచి మోరిస్ తల బయట పెట్టాడు. "టేపు తిరుగుతూనే ఉంది. పడింది. ఇంకోసారి అక్కర్లేదు."

హార్‌గ్రీవ్ అప్పటికే కలం తీశాడు. టేపు పెట్టె మీద ఏం రాస్తే అట్ట మీద అదే అచ్చవుతుందని బృందాలవాళ్లందరికీ తెలుసు. "నడిమి భాగం భద్రం. సంగీతం: బృందం," అని రాస్తూ, "మిగతా ఎలక్ట్రిక్ ఆర్గన్ ముక్కలు లండన్‌లో డెనిస్ చేస్తాడు," అన్నాడు.

"అది న్యాయమే," అంది మిస్ పిల్చర్. "ఆ ఎలక్ట్రిక్ పెట్టె దగ్గర నేను ఉరికే మాట నిజమే."

"చివర్న చిన్న అక్షరాల్లో 'చర్చి ఆర్గన్: ఇ. పిల్చర్' అని కూడా వేయిస్తాను. సరేనా?"

ఏడ్రియన్ ఆమె వైపు చూశాడు. ఆమె 'సరే నాయనా' అంటుందని అందరికన్నా బాగా తెలిసినవాడు అతను.

మిస్ పిల్చర్ నల్ల జోళ్లు విప్పి, ఒకదానికొకటి ఆనించి సంచిలో పెట్టుకుని, స్వెట్టర్ సర్దుకుని లేచొచ్చింది.

"సరే కాదండీ," అంది. "ఈనిడ్ అని పూర్తిగా రాయండి. ఇ అంటే ఎడ్వర్డో ఎర్నెస్టో అనుకుంటారు. ముందర మిస్ అని కూడా పెట్టండి. ఆ ఫ్యూగ్ రాసింది బృందం కాదు, నేను. మార్మలేడ్ మాడ్చుకుని మరీ రాశాను. అదీ రాయండి... మార్మలేడ్ సంగతి కాదు, మిగతాది."

హార్‌గ్రీవ్ కలం గాల్లో ఆగింది. "చూడండి, అట్ట మీద 'మిస్' అంటే కుర్రకారుకి కాస్త..."

"మేమే కుర్రకారు," అన్నాడు క్లైవ్. "ఆవిడ మాకందరికీ మిస్సే. రాయండి."

"రాయండి," అన్నాడు ఏడ్రియన్. అని, మిస్ వైపు చూడలేక చెవులదాకా ఎర్రబడి, "బుధవారమే నేనీ మాట అనాల్సింది," అన్నాడు.

"అనాల్సిందే," అంది ఆమె. ఓదార్చలేదు. కాని అతని గడ్డానికి అంటుకున్న హాప్ ఆకు తీసి పారేసింది.

హార్‌గ్రీవ్ రాశాడు. ఆమె పక్కనే నుంచుని అక్షరం అక్షరం చూసింది. పిల్చర్ అన్న పేరులో ఒక అక్షరం తప్పు రాస్తే వేలితో చూపించి దిద్దించింది. ఆరేళ్ల పిల్లలకు స్వరాలు దిద్దించే ఆ వేలే అది. నాలుగు కొట్టేసరికి పూల ఆడవాళ్లు వచ్చారు. వైర్లు చుట్టుకుంటున్న మోరిస్‌ని ఒకావిడ చామంతుల బకెట్టు పట్టుకోమంది.

ఆదివారం చర్చి కిటకిటలాడింది. పంటల పండక్కి రానివాళ్లు వేన్‌బరీలో ఉండరు. ఉన్న ఒక్కడూ ఆ పూట వచ్చాడు. నామకరణం తర్వాత ప్రార్థనకని చర్చి గుమ్మం తొక్కని క్లైవ్, ఇస్త్రీ చొక్కా వేసుకుని, ఏడ్రియన్‌ని లాక్కొచ్చి, ముందు వరసలో సరిగ్గా ఆర్గన్ పక్కన కూర్చున్నాడు. అతనికీ ఆర్గన్‌కీ నడుమ మారో కాయ ఉంది.

"మీ వేళ్లు చూడ్డానికొచ్చాను మిస్," అని గుసగుసలాడాడు. "అది ఎలా చేస్తారో చూడకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు."

అదే కొంప ముంచింది. మొదటి కీర్తన ఎత్తుకుంటూనే మిస్ పిల్చర్ కూడా తన వేళ్ల వైపు చూసుకుంది. అవి ముందు దిగాలి కదా, ఎంత ముందు? ఇంతా? అంతా? ఇరవై రెండేళ్లు అడక్కుండా చేసిన పని అడిగేసరికి వేళ్లు తడబడ్డాయి. దూరాన గొట్టం పలికేదాకా ఆగి చూశాయి. నాలుగువందల గొంతులు ఆర్గన్ కోసం ఆగాయి, ఆర్గన్ నాలుగువందల గొంతుల కోసం ఆగింది. మొదటి చరణం తడిసిన కంబళిలా బరువెక్కింది. పాస్టరుగారు పుస్తకం మీంచి కళ్లెత్తారు. వెనక గుమ్మం దగ్గర టాప్‌సెల్ చెవి మీద చెయ్యి పెట్టుకున్నాడు. మిస్ పిల్చర్ ఇంకా వంగి వేళ్ల వంకే చూసింది. ఇంతకాలానికి పేరు టేపు పెట్టె మీదికెక్కిన వారమే తన సొంత పీట మీద పరువు పోయేలా ఉంది.

అప్పుడు క్లైవ్ మారో కాయ మీదుగా వంగాడు. గుసగుసే అనుకున్నాడు గాని, అతని గుసగుస మూడు వరసలకు వినబడుతుంది.

"మిస్! రైలు వెళ్లిపోతోంది! ఉరకండి!"

ఆమెకు నవ్వాగలేదు. నవ్వుతూనే వేళ్ల మీంచి చూపు తీసేసి, ఎదురుగా ఉన్న ఆపిల్స్ వంక చూస్తూ ఉరికింది. రెండో చరణం లేచి నిలబడింది. నాలుగువందల మందీ ఒక్కసారిగా అందుకున్నారు. ముందు వరసలో ఎవరో మారో కాయ మీద రెండు వేళ్లతో మెల్లగా దరువేస్తున్నారు. అది తన కాయేనని తెలిసి కూడా టాప్‌సెల్ ఏమీ అనలేదు.